వైసర్

అండర్ బ్రిడ్జి అవతల జానీమియా పాత ఇనుప కొట్టుల
సైకిల్ చక్రాల కింద బోర్లా పడి ఉన్నది పీప.
కూల్‌డ్రింకు మిషనుదట. పందొమ్మిది లీటర్లు పడ్తదట.
పద్దెనిమిది వందలు అన్నడు.
ఏలు మడిచి కొట్టిన, లొట్టిని కొట్టి చూసినట్టు.
కంగుమనలే.
యాడనో దూరంగ తలుపు మూసిన సప్పుడు.
"మట్టి గాదు గౌడ్ సాబ్, ఉక్కు.
నీతోని గంత జల్ది మాట్లాడది" అని నవ్విండు.
నడుముకాడ సొట్ట చూపిచ్చిన.
నా నడుము సంగతి ఆయనకు ఎరుకే.
పద్నాలుగు వందల యాభైకి దిగిండు.

ఆటోల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన.
"చంటిపిల్లనా?" అన్నది ఓదెమ్మ, వాకిట్ల నిలబడి.

మూత తీయకముందు గాలి ఇడువాలె.
ఇది ఎవలూ చెప్పలే, మోకు నేర్పింది:
బరువు పట్టుకొని ఉన్నదాన్ని
ఎన్నడూ ఒక్కసారి ఇప్పొద్దు.
పక్క పిన్ను నొక్కిన. బుస్సుమన్నది
ఎన్నేండ్ల కిందటి గాలో,
ఎవల పెండ్లిల మిగిలిన నారింజ వాసనో.
ఓదెమ్మ ముక్కు మూసుకున్నది,
మల్ల వంగి ఇంకోసారి పీల్చింది.

వేడినీళ్లు, చాకలి సోడా, రాత్రంత నానుడు.
ఇనుప పీసు పెట్టొద్దు.
గీత పడ్డకాడ పులుపు ఇల్లు కట్టుకుంటది.
లొట్టిని నేను ఎన్నడూ గింత కడుగలే.
లొట్టికి యాది ఉండాలె,
నిన్నటి కల్లు దాని గోడలల్ల ఉంటెనే
ఇయ్యాల్టిది పొంగుతది.
పీప మరిచిపోవాలె.
మరిపిచ్చుడు నా పని.

అసలు తిప్పలు వైసర్ల కాడ.
మూతకు పెద్దది ఒకటి, గొట్టాలకు సిన్నయి నాలుగు,
అన్నీ ఎండి పగిలి
చలికాలం పెదిమెల లెక్క.
మోటర్‌సైకిల్ దుకాణంల లేవన్నరు.
చౌరస్తకాడ పంపుసెట్ల సామాన్ల సరోజనమ్మ
దారంతోని కొలిచి నల్లయి ఇచ్చింది.
వారంల పులుపు తాగి ఉబ్బినై.
ఆఖరుకు వాటర్ ప్లాంటు మెకానిక్ సమ్మయ్య
జేబుల కెల్లి తీసిండు, ఎర్రయి, మెత్తయి,
పైసలు వద్దు, ఒక సీస కల్లు పొయ్యమన్నడు.

నా తుంటిల సుత ఒక సామాను ఉన్నది.
ఎంజీఎంల ఏసిండ్రు.
ఏ దారంతోని కొలిచిండ్రో, ఏ కొట్టుల తెచ్చిండ్రో
నాకు చెప్పలే.
మబ్బు పట్టంగనే నాకంటె ముందు దానికి తెలుస్తది.

సబ్బు నురగ రాసి చూసిన.
మూత అంచున ఒక బుడగ, కప్ప గొంతు లెక్క,
ఉబ్బుతది, పలుగుతది, మల్ల ఉబ్బుతది.
మూడు దినాలు అదే బుడగ.
అన్నీ ఇప్పి చూస్తె
వైసర్ కింద పండుకొని ఉన్నది ఒక్క తెల్ల ఎంటిక.
"నన్నే అంటవా" అన్నది ఓదెమ్మ,
కొంగు నెత్తి మీదికి గుంజుకుంట.

ఇప్పుడు నా తాళ్లు ఐలయ్య ఎక్కుతుండు.
పొద్దుగాల గుడ్డల వడపోసి పీపల పోస్త,
మంచు గంగాళంల నిలబెడ్త.
గంటకోసారి గాలి ఇడువాలె, లేకుంటె వాడంత లేస్తది.
పగటీలి దాకా తీపి తీపిగనే ఉంటది.
తాగెటోళ్లు మాత్రం మొకం సూసుకుంటరు:
"ఇనుపల కెల్లి వస్తే కల్లేందిరా?"
తాగి, సీస ముందటికి జరుపుతరు.

పైన పట్టుకునే రబ్బరు పిడి ఒకటి తెగి ఉండె.
దానికి సామాను వరంగల్ల లేదు, హన్మకొండల లేదు.

దూలానికి ఏలాడుతున్నది నా మోకు,
నేను పడ్డనాటి నుంచి ఎవలూ ముట్టలే.
అది తెగలే. ఇప్పటికీ చెప్త, అది తెగలే.
తడి మట్ట మీద కాలు జారింది, అంతే.
ఎత్తుపీట ఏసుకోని దించిన.
జానెడు కోసిన, గెల గీసిన కత్తితోనే.
ఓదెమ్మ ఆ కాసేపు ఇంట్లకెల్లి బయటికి రాలే.
పీపకు రెండు చుట్లు తిప్పి ముడేసిన.

తెల్లారి ఐలయ్య కల్లు తెచ్చిండు.
పిడి చూసిండు. ఏమనలే.
వంగి, ముడిని ఒకసారి గట్టిగ గుంజి చూసిండు,
చెట్టు మొదట్ల నిలబడి గుంజినట్టు.